అమ్మానాన్నలతో డబ్బులు, కాగితాలు, ఆస్తి గురించి గొడవ అవ్వకుండా మాట్లాడటం ఎలా

"నాన్నని ఈ విషయాలు ఎలా అడగాలండీ" అని అడిగేవాళ్ళు తగ్గట్లేదు, ముఖ్యంగా ఊళ్ళో అమ్మానాన్న ఇద్దరే ఉండి పిల్లలేమో హైదరాబాద్‌లో ఒకరు, బెంగళూరులో ఒకరు, డాలస్‌లో ఒకరు ఉన్న ఇళ్ళ నుంచి. అడిగితే "అప్పుడే మా ఆస్తి మీద కన్ను పడిందా" అంటారని భయం. అడక్కపోతే రేపు ఆయన ఒంట్లో బాగోక హాస్పిటల్లో ఉన్నప్పుడు ఏ బ్యాంకులో ఏముందో, ఇన్సూరెన్స్ కార్డు ఏ బీరువాలో ఉందో ఇంట్లో ఒక్కరికీ తెలీదు.

మొత్తానికి నేను చెప్పేది ఒకటే. "ఏది ఎక్కడుంది" అనేది ఒక మాట, "ఏది ఎవరికి" అనేది వేరే మాట. ఈ రెండూ ఒకే రోజు ఎత్తారంటే గొడవ ఖాయం. మొదటిది ఇంట్లో అందరికీ అవసరం, అదీ ఇప్పుడే అవసరం. రెండోది పెద్దవాళ్ళ ఇష్టం, వాళ్ళు ఎత్తితేనే మాట్లాడాలి. కింద రాసిన వరసంతా ఈ రెండూ కలిసిపోకుండా చూసుకోడానికే.

1. ముందు మీ కాగితాలు మీరు సర్దుకోండి

నాన్న దగ్గరకి వెళ్ళేముందు మీ సొంత లెక్క ఒక పేజీలో రాయండి. ఎన్ని అకౌంట్లు, ఏ లోన్లు, ఏ పాలసీ, ఎవరు నామినీ. రాస్తుంటేనే తెలుస్తుంది మనవి ఎంత గందరగోళంగా ఉన్నాయో, ఉద్యోగంలో చేరిన కొత్తలో తెరిచిన అకౌంట్‌కి నామినీయే ఉండరు, పెళ్ళయ్యాక మళ్ళీ వెయ్యాల్సిన ఈపీఎఫ్ నామినేషన్ వేసి ఉండం, టర్మ్ పాలసీ ఉందని ఇంట్లోవాళ్ళకి తెలుసు కానీ ఏ కంపెనీదో తెలీదు.

అవి సరిచేశాకే ముందుకెళ్ళండి. మనవి సర్దుకోకుండా డెబ్బై ఏళ్ళ మనిషిని "మీ కాగితాలు సరిగ్గా ఉన్నాయా" అని అడిగితే ఆయన వెంటనే "ముందు నీవి చూపించు" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. పైగా ఆ పేజీయే మీకు మాట ఎత్తడానికి పనికొస్తుంది, ఎలాగో 5లో చెప్తా.

2. తోడబుట్టినవాళ్ళతో ముందే మాట్లాడండి

చాలామంది ఇది వదిలేసి డైరెక్ట్‌గా నాన్న దగ్గరకి వెళ్ళిపోతారు, సగం గొడవలు ఇక్కడే పుడతాయి. ఒకళ్ళు వెళ్ళి అడిగేస్తారు, మిగతావాళ్ళకి తర్వాత ఎవరి ద్వారానో తెలుస్తుంది. అక్క ఫోన్ చేసి "తమ్ముడు నాన్నతో ఏవో సంతకాలు పెట్టించుకుంటున్నాడంట కదా" అని అమ్మని అడుగుతుంది, అమ్మ కంగారుపడి నాన్నకి చెప్తుంది, ఆయన ఆ రాత్రి అన్నం తినరు. తీరా చూస్తే ఆ సంతకం హెల్త్ ఇన్సూరెన్స్ రెన్యువల్ ఫారం మీద.

కాబట్టి ముందు తోడబుట్టినవాళ్ళంతా ఒక కాల్ మాట్లాడుకోండి. కొన్ని పద్ధతులు పెట్టుకుంటే మంచిది.

- పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లని తప్పకుండా కలుపుకోండి. "దానికెందుకులే" అన్న మాట తర్వాత చాలా ఖరీదవుతుంది, చట్టప్రకారం కూడా (8 చూడండి).
- ఈ మొదటి కాల్‌లో కోడళ్ళు, అల్లుళ్ళు వద్దు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, బావగారు వినే చోట తమ్ముడు మనసులో మాట చెప్పడు, అంతే.
- స్పీకర్ ఆన్ చేసి పక్కన ఇంకొకళ్ళని కూర్చోబెట్టుకుని "నేనొక్కడినే ఉన్నా" అనకండి. అవతలివాళ్ళకి తెలిసిపోతుంది.
- వాటాల మాట ఎవరు ఎత్తినా "అది ఇవాళ కాదు" అని ఆపెయ్యాలి, అన్నయ్య అయినా సరే.

మెసేజ్ ఎలా పెట్టాలో తెలియకపోతే ఇలా పెట్టండి: "అన్నయ్యా, ఈసారి ఇంటికెళ్ళినప్పుడు అమ్మానాన్నల బ్యాంకు, ఇన్సూరెన్స్, మందుల వివరాలన్నీ ఒక పుస్తకంలో రాయిద్దామనుకుంటున్నా. పంపకాల సంగతి అస్సలు ఎత్తను. పుస్తకం ఎక్కడ పెడతామో అందరికీ తెలిసేలా చేద్దాం. నువ్వూ ఉంటే బాగుంటుంది, నీకెప్పుడు కుదురుతుంది?"

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. అమ్మానాన్నల దగ్గరే ఉంటూ రోజూ బీపీ మాత్రలు, కరెంటు బిల్లు, అర్ధరాత్రి హాస్పిటల్ అన్నీ చూసుకునే కొడుకో కూతురో ఉంటే, ఈ పనికి పెద్ద వాళ్ళే. అమెరికా నుంచి రెండు వారాలకి వచ్చిన మనిషి ల్యాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీట్ పెట్టి "అన్నీ ఆర్గనైజ్ చేద్దాం" అంటే ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఒళ్ళు మండుతుంది, మండటంలో న్యాయం ఉంది కూడా. దూరంగా ఉన్నవాళ్ళు ముందు "నువ్వు ఇన్నాళ్ళూ ఏమేం చూస్తున్నావో చెప్పు, అందులో నేను ఏది తీసుకోగలనో చూద్దాం" అని అడగండి. ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టడం, ఆన్‌లైన్ పనులు, రెన్యువల్ తేదీలు గుర్తుపెట్టుకోవడం, ఇవి ఎంత దూరం నుంచైనా చెయ్యొచ్చు.

3. ఎవరు అడగాలి, ఎవరి కోసం అడగాలి

పెద్దకొడుకే అడగాలని ఎక్కడా లేదు. నాన్న ఎవరి మాటకి నవ్వుతారో వాళ్ళు అడగాలి. చాలా ఇళ్ళల్లో అది కూతురే. ఆయన దగ్గర అప్పు తీసుకుని ఇంకా ఇవ్వని కొడుకు మాత్రం ఈ మాట ఎత్తకూడదు.

అసలు కిటుకు "ఎవరి కోసం" అన్నదాంట్లో ఉంది. "మాకు తెలియాలి కదా నాన్నా" అంటే ఆయనకి వినపడేది "నువ్వు పోయాక మాకు కావాలి కదా" అని. అదే "అమ్మకి తెలియాలి" అంటే మొత్తం మారిపోతుంది. ఎన్నో ఇళ్ళల్లో అమ్మ ఒక్కతే బ్యాంకుకి వెళ్ళి ఉండదు, ఏటీఎం పిన్ తెలీదు, పెన్షన్ ఏ అకౌంట్‌లో పడుతుందో తెలీదు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి అవసరానికి పదివేలు తీసుకోలేని పరిస్థితి అని ఆయనకి తట్టి ఉండదు కూడా. ఇది బలమైన కారణం, పైగా నిజమైన కారణం. ఏ నాన్నా దీన్ని కాదనలేరు.

అయితే నాన్నతో కూర్చునే ముందు అమ్మతో విడిగా ఒకసారి మాట్లాడాలి. అమ్మ లెక్క వేరే ఉంటుంది. పోపుల డబ్బాలో డబ్బులు అని నవ్వుకుంటాం గానీ వీధిలో వేసిన చీటీ, పక్కింటావిడకి ఇచ్చిన చేబదులు, మేనమామ ఇబ్బందుల్లో ఉన్నాడని తాకట్టు పెట్టి ఇచ్చిన గాజులు, ఇవన్నీ ఆవిడకి తప్ప ఎవరికీ తెలీవు. "ఇది మీ నాన్నకి చెప్పకు" అంటే చెప్పకండి, కానీ "మరి ఎక్కడైనా రాసి పెట్టమ్మా, తాకట్టు రసీదు ఎక్కడుందో నాకొక్కదానికే చెప్పు" అనండి చాలు.

4. రోజు, వేళ, చోటు

పండక్కి అందరూ కలుస్తారు కాబట్టి అప్పుడే అడిగేద్దాం అనుకుంటారు. సంక్రాంతికి వెళ్తే భోగి, పండగ రోజు వదిలెయ్యండి, "పండగ పూట ఇవేం మాటలు" అనిపించుకుంటారు. కనుమ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయి ఇల్లు సర్దుమణిగిన రోజు బాగుంటుంది, అంటే టికెట్ ఆ రెండు రోజులు కలిపి బుక్ చేసుకోవాలన్నమాట. బస్సెక్కే రోజు మాత్రం వద్దు.

ఈ టైముల్లో ఎత్తకండి:

- సాయంత్రం దీపం పెట్టే వేళ. తథాస్తు దేవతలు ఉంటారని నమ్మే ఇంట్లో ఆ టైంలో "మీకేమైనా అయితే" అన్నారంటే ఇంకో ఏడాది దాకా ఆ మాట నడవదు.
- దగ్గరి చుట్టాలు ఎవరో పోయి కర్మలు జరుగుతున్న రోజులు. "చూశారా, వాళ్ళేం రాసుకోలేదు" అని చెప్పాలనిపిస్తుంది. నెల ఆగండి.
- ఆయన ఆపరేషన్‌కి ముందు రోజు.
- అన్నం తినేటప్పుడు. చెయ్యి కడిగేసుకుని లేచిపోతారు.

పొద్దున్న కాఫీ, పేపర్ అయ్యాక, పదింటికి అలా మంచి టైము. హాల్లో టీవీ ముందు కాకుండా ఆయన ఎప్పుడూ కాగితాలు చూసుకునే చోట, ఆయన బీరువా ఉన్న గదిలో. తాళం ఆయన చేతిలోనే ఉండాలి, మీరు తియ్యకూడదు. ఫైలు ఆయన తీసి ఆయనే చూపించాలి.

దూరంగా ఉండి రాలేనివాళ్ళు వీడియో కాల్‌లో కూడా చెయ్యొచ్చు కానీ అక్కడ ఎవరో ఒకరు పక్కన ఉండాలి, ఊరికే ఫోన్‌లో "నాన్నా, అకౌంట్ నంబర్ చెప్పు" అంటే ఈ రోజుల్లో మోసగాడి ఫోనేమో అనుకున్నా ఆశ్చర్యం లేదు.

5. మొదటి మాట

ఒక్కసారే మొత్తం అడగొద్దు. మీ పేజీ తీసి ఆయన చేతిలో పెట్టండి.

"నాన్నా, నావి అన్నీ ఒక కాగితం మీద రాశా. ఒకసారి చూడవా, ఏమైనా మర్చిపోయానేమో."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదువుతారు. తప్పులు పడతారు. "ఇంత లోనెందుకు తీసుకున్నావురా" అని రెండు మాటలంటారు, అనిపించుకోండి. సలహా ఇవ్వడం మొదలుపెట్టారంటే పని సగం అయినట్టే, ఎందుకంటే ఇప్పుడు ఆయన పెద్దరికంలో ఉన్నారు, ముద్దాయిలా లేరు. అప్పుడు నెమ్మదిగా:

"మీవి కూడా ఇలా ఒక పుస్తకంలో ఉంటే అమ్మకి తేలిగ్గా ఉంటుంది కదా. మీరు చెప్తుంటే నేను రాస్తా, లేదంటే మీరే రాయండి."

రోజూ "నువ్వు" అని పిలిచేవాళ్ళు ఆ రోజు కొత్తగా "మీరు" అనకండి, వెంటనే అనుమానం వస్తుంది. రోజూ ఎలా పిలుస్తారో అలాగే.

ఈ మాటలు నోట్లోకి రానివ్వద్దు, పక్కనే వాటి బదులు ఏమనాలో ఇస్తున్నా:

- "మీరు పోతే" అని కాదు, "మీరు ఊళ్ళో లేనప్పుడు" అనండి. అర్థం అందరికీ తెలుసు, ఎవరూ విడమర్చక్కర్లేదు.
- "మొత్తం ఎంతుంది?" అని కాదు, "ఏ బ్యాంకులో ఉంది?" అనండి. మొదటి రోజు అంకెలు అస్సలు వద్దు.
- "మీకు తెలీదు నాన్నా, ఇప్పుడు రూల్స్ మారాయి" అని కాదు, "బ్యాంకులో ఒకసారి కనుక్కుందామా" అనండి.

6. మొదటి రోజు: ఏది ఎక్కడుంది

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. ఫోన్ యాప్‌లు వద్దు. వీలైతే ఆయన చేతి రాతలోనే ఉండాలి, అది ఆయన పుస్తకం కాబట్టి. గంట దాటకుండా ఆపండి, మిగిలితే ఇంకో రోజు.

రాయాల్సినవి:

- బ్యాంకు, పోస్టాఫీసు అకౌంట్లు, ఎఫ్‌డీలు: బ్రాంచి, నామినీ ఎవరు, ఎఫ్‌డీ గడువు తేదీ. పాతకాలం పాస్‌బుక్కులు కూడా వెతకండి. పదేళ్ళు కదలని డిపాజిట్ డబ్బులు రిజర్వ్ బ్యాంక్ దగ్గరున్న ఫండ్‌కి వెళ్ళిపోతాయి, పోయినట్టు కాదు, ఉద్గమ్ అనే రిజర్వ్ బ్యాంక్ పోర్టల్‌లో పేరు కొట్టి వెతికి బ్యాంకు ద్వారా తెచ్చుకోవచ్చు.
- పెన్షన్: పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నంబర్, ఏ అకౌంట్, ఫ్యామిలీ పెన్షన్‌కి అమ్మ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా. పేర్లలో ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత తిరగాల్సింది అమ్మే.
- ఎల్‌ఐసీ, హెల్త్ పాలసీలు: బాండ్లు ఎక్కడున్నాయి, ప్రీమియం ఎప్పుడు, ఏజెంట్ ఫోన్.
- ఇల్లు, స్థలం: రిజిస్ట్రేషన్ దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు), ఇంటి పన్ను రసీదు, ఒరిజినల్ ఎక్కడ, జిరాక్స్ ఎక్కడ, లోన్ మీద బ్యాంకులో ఉన్నాయా.
- పొలం: పట్టాదారు పాస్‌బుక్, సర్వే నంబరు, కౌలు ఎవరికి, ఎంతకి. ఆన్‌లైన్‌లో పేరు సరిగ్గా ఉందో లేదో చూడండి, తెలంగాణలో భూభారతి, ఆంధ్రలో మీభూమి.
- ఇచ్చిన అప్పులు: ప్రోనోటు ఉందా, తేదీ ఎంత. ప్రోనోటుకి మూడేళ్ళే గడువు, దాటితే కోర్టులో నిలబడదు, ఆలోపు కొంత డబ్బు తీసుకుని నోటు మీద చెల్లు రాయించి సంతకం పెట్టిస్తే ఆ రోజు నుంచి మళ్ళీ లెక్క మొదలు.
- తీసుకున్న అప్పులు, షూరిటీ సంతకాలు. ఫ్రెండ్ లోన్‌కి పెట్టిన సంతకం గురించి నాన్నలు ఎప్పుడూ చెప్పరు. తిట్టకుండా వింటేనే చెప్తారు.
- బంగారం, లాకర్: ఏ బ్యాంకు, ఎవరి పేరు మీద, తాళం ఎక్కడ.
- ఫోన్: ఓటీపీలు ఏ సిమ్‌కి వస్తాయి, స్క్రీన్ లాక్ అమ్మకి తెలుసా.

పిన్‌లు, పాస్‌వర్డ్‌లు ఈ పుస్తకంలో రాయకండి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. పేజీల ఫోటోలు తీసి గ్రూపులో పెట్టే అలవాటు ఉన్నవాళ్ళని ముందే ఆపండి.

ఆ రోజే అయిపోయే పని ఒకటుంది, అది చేసెయ్యండి. నాన్న ఒక్కరి పేరు మీద ఉన్న సేవింగ్స్ అకౌంట్‌లో అమ్మ పేరు కూడా కలిపి "ఐదర్ ఆర్ సర్వైవర్" పెట్టించడం, అంటే ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయొచ్చు, ఒకరు లేకపోయినా రెండోవాళ్ళు నడపొచ్చు. ఇద్దరూ ఆధార్, పాన్ పట్టుకుని బ్రాంచికి వెళ్ళాలి. పనిలో పనిగా నామినీలు చూసుకోండి, 2025 నవంబర్ 1 నుంచి ఒక్కో డిపాజిట్ అకౌంట్‌కి నలుగురి దాకా నామినీలు పెట్టొచ్చు. అమ్మ చేత ఏటీఎంలో ఒకసారి డబ్బులు తీయించండి, మీరు బయట నిలబడండి.

7. ఇంకో రోజు: ఆరోగ్యం

ఇది డబ్బుల మాటకన్నా తేలిక, కాబట్టి కొన్ని ఇళ్ళల్లో దీంతోనే మొదలుపెట్టినా తప్పులేదు. రోజూ వేసుకునే మందులు పేరు, డోసు, ఎప్పటి నుంచి అన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి, పడని మందులుంటే ఎర్ర పెన్నుతో. ఎమర్జెన్సీలో ఏ హాస్పిటల్, రాత్రిపూట కారు తీసేది ఎవరు, పక్కింటివాళ్ళ నంబరు ఏంటి.

డెబ్బై దాటినవాళ్ళుంటే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించారా చూడండి. 2024 అక్టోబర్ చివర్లో మొదలైంది, ఆదాయంతో సంబంధం లేదు, ఏడాదికి 5 లక్షల దాకా, ఆధార్ ఉంటే చాలు. నాన్న మాజీ ఉద్యోగి అయి సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం) లాంటివి ఉంటే రెండిట్లో ఏది ఉంచుకోవాలో ముందు తేల్చుకోవాలి. ఏ హాస్పిటల్లో తీసుకుంటారో కూడా ముందే కనుక్కోండి, స్ట్రెచర్ పక్కన నిలబడి కాదు.

"నన్ను నెలల తరబడి వెంటిలేటర్ మీద పెట్టొద్దురా" అని నాన్న ఎప్పుడైనా అంటే "ఛ ఛ అలా అనకు" అని నోరు మూయించకండి. ఆ మాట అనడానికి ఆయన చాలా ఆలోచించి ఉంటారు. అది రాసి పెట్టుకునే పద్ధతి మన దేశంలో ఉంది, సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో సులువు చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ముందు సంతకం. రాసినా రాయకపోయినా ఆ మాట తోడబుట్టినవాళ్ళందరూ ఆయన నోటి నుంచే వినాలి, లేకపోతే ఐసీయూ బయట "నువ్వే వద్దన్నావు" అని జీవితాంతం ఒకరినొకరు అనుకుంటారు.

8. వాళ్ళు ఎత్తితేనే: ఏది ఎవరికి

పుస్తకం పని సాఫీగా అయిపోతే కొన్ని నెలలకి నాన్నే "మరి ఈ ఇల్లు సంగతి ఏం చేద్దాం" అంటారు. అనకపోతే వదిలెయ్యండి. అన్నప్పుడు మీరు జవాబు చెప్పకండి, "మీకేమనిపిస్తోంది" అని అడిగి ఊరుకోండి. నిశ్శబ్దం ఇబ్బందిగా ఉన్నా సరే.

మాట్లాడే ముందు మీకు తెలిసి ఉండాల్సినవి కొన్ని, వీటి మీదే ఇళ్ళల్లో తప్పుడు నమ్మకాలు ఎక్కువ.

నామినీ అంటే ఓనర్ కాదు. బ్యాంకు డబ్బు, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు నామినీ చేతికిస్తారు గానీ అవి వారసులవే, షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబర్‌లో మళ్ళీ ఇదే చెప్పింది. లైఫ్ ఇన్సూరెన్స్ దగ్గర తేడా ఉంది, 2015 సవరణ తర్వాత భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే ఆ డబ్బు వాళ్ళదే.

వీలునామా లేకపోతే హిందువుల్లో నాన్న స్వార్జితం అమ్మకి, కొడుకులకి, కూతుళ్ళకి, నానమ్మ బతికుంటే ఆవిడకి కూడా సమానంగా వెళ్తుంది. ముస్లింలకి, క్రిస్టియన్లకి వేరే లెక్కలు. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు 2005 సెప్టెంబర్ 9 నుంచి, పెళ్ళయినా కాకపోయినా, ఆ రోజుకి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరయిపోయిన పంపకాలు మాత్రం కదలవు.

"దానికి పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాంగా" అనే మాట ప్రతి ఇంట్లో వస్తుంది. ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. ఆమె తన ఇష్టంతో హక్కు వదులుకుంటూ రిజిస్టర్డ్ దస్తావేజు రాస్తేనే పోతుంది. రాఖీ రోజు బతిమాలి సంతకం పెట్టించుకునే అన్నదమ్ములుంటారు, దాని గురించి నా అభిప్రాయం ఇక్కడ రాయకపోవడమే మంచిది.

వీలునామాకి స్టాంప్ పేపర్ అక్కర్లేదు, తెల్లకాగితం చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తప్పనిసరి ఏంటంటే రాసిన మనిషి సంతకం, దానికి ఇద్దరు సాక్షుల సంతకాలు. ఆస్తి వచ్చేవాళ్ళని సాక్షులుగా పెట్టొద్దు, తల్లిదండ్రులకన్నా వయసులో చిన్నవాళ్ళని పెట్టండి. డెబ్బై దాటితే ఆ రోజే డాక్టర్ దగ్గర ఆరోగ్యంగా, స్పృహలో ఉన్నారని సర్టిఫికెట్ తీసుకుని, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే తర్వాత నోళ్ళు లేవవు. మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది.

గిఫ్ట్ డీడ్ అలా కాదు. రిజిస్టరయిన రోజే ఇల్లు చేతులు మారిపోతుంది. "ఎలాగూ నీదేగా" అని మురిపెంగా రాసిచ్చేసే అమ్మానాన్నలని పిల్లలే ఆపాలి. తప్పదు అనుకుంటే జీవితాంతం ఉండే హక్కు తమకే ఉంచుకుంటూ, బాగోగులు చూడాలన్న షరతు అందులోనే రాయించాలి. చూడకపోతే 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్‌కి వెళ్ళి ఆ డీడ్ రద్దు చేయించుకోవచ్చు, షరతు కాగితం మీద ఉంటే పని గట్టిగా అవుతుంది. ఇది పిల్లలుగా మీరే వాళ్ళకి చెప్తే వాళ్ళకి మీ మీద వచ్చే నమ్మకం వేరే. పెద్దవాళ్ళకి ఉచిత హెల్ప్‌లైన్ 14567 కూడా పుస్తకంలో రాసి పెట్టండి.

9. మాట తేడా వస్తే

నాన్నకి కోపం వచ్చి "ఇంకా బతికే ఉన్నాను" అంటే: వాదించొద్దు. "సరే నాన్నా, ఇంకెప్పుడైనా" అని ఫైలు ఆయన చేతికిచ్చి లేచిపోండి. సాయంత్రం మామూలుగా టీ తాగండి. రెండు మూడు వారాలు ఆ మాట ఎత్తకపోతే చాలాసార్లు ఆయనే "ఆ రోజేదో అన్నావు" అంటారు.

అమ్మ ఏడిస్తే: ఆపేయండి. కారణం డబ్బు కాకపోవచ్చు, ఆయన లేని రోజు ఊహ అది. పెన్ను పక్కనపెట్టి కూర్చోండి.

ఒక కొడుకునే వెనకేసుకొస్తుంటే: మొదటి రోజు ఆ లెక్క తియ్యొద్దు. "మా చదువుకి అంత, వాడి ఇంటికి ఇంత" అని మొదలైతే పుస్తకం మూసెయ్యాల్సిందే.

బాబాయిలు, మావయ్యలు మధ్యలో వస్తే: "మందుల లిస్టు రాస్తున్నాం బాబాయ్" అని చెప్పి టాపిక్ మార్చండి. అబద్ధం కూడా కాదు. పెద్దమనుషులు కావాల్సింది గొడవ ముదిరినప్పుడు, ఇప్పుడు కాదు.

తోడబుట్టినవాళ్ళల్లో ఒకరు రానంటే: వాళ్ళు లేకుండా మొదటి రోజు పని చెయ్యొచ్చు, 8లో పని మాత్రం చెయ్యొద్దు.

నాన్న అస్సలు ఒప్పుకోకపోతే: "సరే, మాకేం చెప్పొద్దు. మీరే రాసి కవర్‌లో పెట్టి అంటించి, కవర్ ఎక్కడుందో అమ్మకి చెప్పండి చాలు" అనండి. గుట్టు ఆయన దగ్గరే ఉంటుంది కాబట్టి దీనికి చాలామంది ఒప్పుకుంటారు.

10. లేచాక చెయ్యాల్సినవి

కూర్చుని రాసిన వారంలోపే ఒక పని పూర్తి చేసి చూపించండి, లేకపోతే "ఊరికే కూపీ లాగారు" అనిపిస్తుంది. పాస్‌బుక్‌లో అమ్మ పేరు కలిపించడమో, పాలసీలో స్పెల్లింగ్ మార్పించడమో, ఏదో ఒకటి.

- పుస్తకం నాన్న బీరువాలోనే ఉండాలి, మీ ఇంటికి తీసుకెళ్ళొద్దు.
- ఎక్కడుందో తోడబుట్టినవాళ్ళందరికీ ఒకేసారి, ఒకే మెసేజ్‌లో చెప్పండి.
- గడువు తేదీలు (ఎఫ్‌డీ, ప్రీమియం, ప్రోనోటు) మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.
- ఒక్కొక్కరు ఒక్కో పని తీసుకోండి, పేరు పెట్టి. "అందరం చూసుకుందాం" అంటే ఎవరూ చూడరు.

ఏడాదికోసారి పుస్తకం తిరగెయ్యాలి. పెన్షన్ ఉన్న ఇళ్ళల్లో ఏటా ఎలాగూ లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆ రోజే ఇదీ పెట్టుకోండి, పెన్షన్ లేనివాళ్ళు ఇంటి పన్ను కట్టే రోజు పెట్టుకోవచ్చు. మారిన ఫోన్ నంబర్లు, తీరిపోయిన అప్పులు కొట్టెయ్యండి, మారిన మందుల చీటీ ఫ్రిజ్ మీద కొత్తది అంటించండి. రెండో ఏడాది నుంచి పెన్ను అమ్మ చేతికివ్వండి.